డబుల్ ఫస్ట్ బేస్ (సాఫ్ట్‌బాల్)

డబుల్ ఫస్ట్ బేస్ అనేది సాఫ్ట్‌బాల్ క్రీడలో మొదటి బేస్ వద్ద అమర్చే జంట పలక. దీనిలో ఒక సగం తెలుపు రంగులోను, రెండవ సగం వేరొక రంగులోను ఉంటుంది. రెండవ సగానికి సాధారణంగా నారింజ రంగు వాడతారు. తెలుపు భాగం ఆట సాగే ఫెయిర్ ప్రాంతంలోను, రంగు భాగం ఫౌల్ గీతకు వెలుపలను ఉంటాయి. బంతిని కొట్టి పరుగెత్తే క్రీడాకారిణి (బ్యాటర్-రన్నర్) రంగు భాగాన్ని, బంతిని అందుకొనే ఫీల్డరు తెలుపు భాగాన్ని తాకాలన్నది దీని మూల సూత్రం. ఒకే చదరపు పలకపై ఇద్దరి పాదాలూ ఒకే క్షణంలో పడడం వలన కలిగే ఢీకొనుటలను, చీలమండ గాయాలను తగ్గించేందుకు దీనిని ప్రవేశపెట్టారు. దీనికి సేఫ్టీ బేస్ అనే పేరు కూడా ఉంది. జపానులో ఆరెంజ్ బేస్ అనే పేరు వాడుకలో ఉంది.

సూత్రం చిన్నదే అయినా, ఎప్పుడు ఎవరు ఏ భాగాన్ని తాకవచ్చునన్న విషయంలో మినహాయింపులు అనేకం. సాఫ్ట్‌బాల్‌లో అంపైర్ల విచక్షణకు ఎక్కువగా పని చెప్పే నిబంధనలలో ఇది ఒకటి.

కొలతలు, అమరిక

సాఫ్ట్‌బాల్ బేస్ 15 అంగుళాల (38.1 సెం.మీ.) చదరం. డబుల్ బేస్ అటువంటి రెండు చదరాలను పక్కపక్కన అతికించినట్లు 15 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల (76.2 సెం.మీ.) పొడవు ఉంటుంది. రెండు చదరాలు కలిసే చోటనే ఫౌల్ గీత వస్తుంది. హోమ్ ప్లేటు నుండి మొదటి బేస్‌కు దూరం ఫాస్ట్ పిచ్ ఆటలో 60 అడుగులు (18.29 మీ.). వేగంగా పరుగెత్తే క్రీడాకారిణి ఈ దూరాన్ని సుమారు 3 సెకన్లలో దాటుతుంది. అంపైరు నిర్ణయానికి కావలసిన దృశ్యమంతా ఆ 3 సెకన్ల చివరి భాగంలో, ఆ 30 అంగుళాల పలక మీదనే జరిగిపోతుంది.

బ్యాటు తగిలిన బంతి తెలుపు భాగాన్ని తాకితే అది ఫెయిర్ బంతి. రంగు భాగాన్ని మాత్రమే తాకితే ఫౌల్. అంటే రంగు భాగం పరుగెత్తే వారికి బేస్ అయినప్పటికీ, బంతి విషయంలో మాత్రం అది మైదానం బయటి నేలతో సమానం. ఈ ద్వంద్వ స్వభావమే కొత్తగా ఆట నేర్చుకొనే వారిని తికమక పెడుతుంది. కబడ్డీ తెలిసిన పాఠకులకు లాబీ ఉదాహరణ ఇక్కడ ఉపయోగపడుతుంది. పెనుగులాట మొదలయ్యే వరకు లాబీ కోర్టు బయటిదిగానే లెక్క, మొదలైన తరువాత అది కోర్టులో భాగం. అలాగే డబుల్ బేస్‌లోని రంగు భాగం కూడా సందర్భాన్ని బట్టి బేస్ అవుతుంది, లేదా ఉత్త నేల అవుతుంది.

ఆవశ్యకత

ఒకే బేస్ ఉన్న పాత పద్ధతిలో ఒక అంతర్గత వైరుధ్యం ఉంది. హోమ్ ప్లేటు నుండి మొదటి బేస్‌కు వెళ్ళే దారిలో రెండవ సగం పొడవునా, ఫౌల్ గీతకు వెలుపల 3 అడుగుల (0.91 మీ.) వెడల్పున ఒక పరుగు దారి గీస్తారు. ఫస్ట్ బేస్ వద్దకు బంతి విసురుతున్నపుడు బ్యాటర్-రన్నర్ ఈ దారిలోనే పరుగెత్తాలి. దారి తప్పి, తద్వారా బంతి అందుకొనే ఫీల్డరుకు అడ్డు తగిలిందని అంపైరు భావిస్తే ఆమె ఔట్. కాని ఆమె తాకవలసిన బేస్ మాత్రం గీతకు లోపల ఉంటుంది! గీతకు వెలుపల పరుగెత్తమని ఒక నిబంధన, గీతకు లోపలి పలకను తాకమని మరొక నిబంధన. ఫలితంగా రన్నరు చివరి అడుగులో లోపలికి ఒరగక తప్పదు. సరిగ్గా ఆ చోటనే ఫీల్డరు ఒక పాదం బేస్‌పై ఉంచి, చేతులు చాచి, చూపంతా బంతిపై నిలిపి ఉంటుంది. ఆమెకు రన్నరు కనబడదు. రన్నరు పాదం ఫీల్డరు మడమపై పడి చీలమండ మెలిక తిరగడం, లేదా భుజాలు ఢీకొని ఇద్దరూ పడిపోవడం ఇలాంటి వేళల్లోనే జరుగుతుంది.

బేస్‌బాల్‌లోనూ ఈ సమస్యే ఉంది. అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్ 2023లో బేస్‌ల పరిమాణాన్ని 15 అంగుళాల నుండి 18 అంగుళాలకు పెంచింది. 2024లో ఫౌల్ గీతకు లోపలి వైపు పచ్చిక అంచు వరకు ఉన్న మట్టి భాగాన్ని కూడా పరుగు దారిలో కలిపింది. అంటే అక్కడ దారిని బేస్ వద్దకు తెచ్చారు, సాఫ్ట్‌బాల్‌లో బేస్‌నే దారిలోకి తెచ్చారు. రెండింటిలో సాఫ్ట్‌బాల్ పరిష్కారమే సూటిగా ఉందని చెప్పవచ్చు.

రెండవ, మూడవ బేస్‌లకు ఈ ఏర్పాటు అవసరం లేదు. మొదటి బేస్‌ను తాకి ఆగకుండా ముందుకు దూసుకుపోయే వెసులుబాటు బ్యాటర్-రన్నర్‌కు ఉంది. మిగిలిన బేస్‌లలో బేస్ దాటిపోయిన రన్నరును బంతితో తాకి ఔట్ చేయవచ్చు కనుక అక్కడ వేగం తగ్గించుకొని, లేదా జారుతూ వచ్చి, బేస్ మీదనే ఆగవలసి ఉంటుంది. పూర్తి వేగంతో నిలువునా దూసుకువచ్చే చోటు మొదటి బేస్ ఒక్కటే.

నేపథ్యం

సాఫ్ట్‌బాల్ 1887లో అమెరికాలోని చికాగో నగరంలో ఇండోర్ ఆటగా పుట్టింది. సాఫ్ట్‌బాల్ అనే పేరు 1926లో వచ్చింది. అంతర్జాతీయ సాఫ్ట్‌బాల్ సమాఖ్య 1952లో ఏర్పడగా, 2013లో అది అంతర్జాతీయ బేస్‌బాల్ సమాఖ్యతో కలిసి ప్రపంచ బేస్‌బాల్ సాఫ్ట్‌బాల్ సమాఖ్యగా (డబ్ల్యు.బి.ఎస్.సి.) మారింది. మహిళల సాఫ్ట్‌బాల్ 1996 అట్లాంటా ఒలింపిక్స్ నుండి 2008 బీజింగ్ వరకు వరుసగా నాలుగు మార్లు, తరువాత 2021లో జరిగిన టోక్యో 2020 ఒలింపిక్స్‌లోను ఆడారు. 2028 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో దీనిని తిరిగి చేర్చాలని 2023లో నిర్ణయించారు.

డబుల్ బేస్ మొదట ఉత్తర అమెరికాలోని వినోద లీగులలో వాడుకలోకి వచ్చి, క్రమంగా అంతర్జాతీయ నియమావళికి చేరింది. బేస్ వద్ద గాయాలపై వైద్యుల దృష్టి పడినదీ ఆ కాలంలోనే. జారుతూ వచ్చే ఆటగాళ్ళ తాకిడికి ఊడివచ్చే బేస్‌లపై మిషిగన్‌కు చెందిన వైద్యులు జరిపిన పరిశీలన 1988లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ప్రచురితమైంది. ఊడివచ్చే బేస్ జారుడు గాయాలకు పరిష్కారం కాగా, డబుల్ బేస్ ఢీకొనుటలకు పరిష్కారం. ఒకటి ఉంటే రెండవది అక్కరలేదనుకోవడం పొరపాటు.

నిబంధన

ఇన్‌ఫీల్డ్‌లోకి బంతి కొట్టినపుడు గాని, మూడవ స్ట్రైక్ బంతిని క్యాచర్ జారవిడిచినపుడు గాని ఫస్ట్ బేస్ వద్ద బ్యాటర్-రన్నర్‌ను ఔట్ చేసే ప్రయత్నం జరిగితే, ఆమె తొలిసారి రంగు భాగాన్నే తాకాలి. ఫీల్డరు తెలుపు భాగాన్నే వాడాలి. రన్నరు పాదం రెండు భాగాలపైనా పడితే దోషం లేదు, ఎందుకంటే రంగు భాగం తాకినట్లే. తెలుపును మాత్రమే తాకితే బేస్ తప్పినట్లు పరిగణిస్తారు. ఆమె తిరిగి మొదటి బేస్‌కు చేరేలోగా రక్షణ జట్టు అప్పీలు చేస్తే ఔట్.

ఒక్కసారి మొదటి బేస్‌ను చేరిన తరువాత రన్నరుకు రంగు భాగంతో పని తీరిపోతుంది. దాటిపోయి తిరిగి వచ్చేటప్పుడు తెలుపు పైకే రావాలి. తదుపరి బంతికి తెలుపు నుండే బయలుదేరాలి. గాలిలో పట్టిన బంతికి తిరిగి బేస్ తాకవలసి వచ్చినా తెలుపునే తాకాలి. రంగు భాగంపై మాత్రమే నిలబడిన రన్నరు బేస్‌పై లేనట్లే లెక్క. అప్పుడు ఫీల్డరు బంతితో తాకితే ఔట్. సాఫ్ట్‌బాల్‌లో పిచరు చేతి నుండి బంతి వెలువడే వరకు రన్నరు బేస్‌ను వీడరాదు కనుక, ఆ క్షణానికి రంగు భాగంపై మాత్రమే ఉన్న రన్నరు ముందుగా బేస్ వీడినట్లవుతుంది. బడి పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. పరుగు తీసి రంగు భాగాన్ని తాకిన పిల్ల, అదే తన చోటు అనుకొని మళ్ళీ అక్కడికే వచ్చి నిలుచుంటుంది.

అంపైర్ల అన్వయం

నిబంధన అంతా "ఔట్ చేసే ప్రయత్నం జరిగితే" అన్న షరతుపై ఆధారపడి ఉంది. ప్రయత్నం జరిగిందా లేదా అన్నది తేల్చవలసినది అంపైరే. బంతి ఔట్‌ఫీల్డ్‌లోకి వెళ్ళి, ఫస్ట్ బేస్ వైపు ఎవరూ విసరనపుడు బ్యాటర్-రన్నర్ తెలుపు, రంగు భాగాలలో దేనినైనా తాకవచ్చు. రెండవ బేస్ మీద కన్నుంచి వంపు తిరిగే రన్నరుకు లోపలి తెలుపు భాగమే అనుకూలం. నడక (నాలుగు బాల్స్) లభించి నింపాదిగా వెళ్ళే బ్యాటరుకూ ఈ పట్టింపు లేదు. ఇన్‌ఫీల్డరు బంతిని తడబడి జారవిడిచి అసలు విసరకపోతే కూడా ప్రయత్నం లేనట్లే.

చిక్కు అంతా మధ్యస్థ సందర్భాలలో వస్తుంది. ఉదాహరణకు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పాఠశాలల బాలికల జట్లు ఆడుతున్నాయని ఊహించవచ్చు. ప్రొద్దుటూరు బ్యాటరు బంతిని కుడి ఔట్‌ఫీల్డ్‌లోకి కొట్టింది. ఔట్‌ఫీల్డ్ బంతే కదా అని వంపు తిరుగుతూ తెలుపును తాకింది. కాని జమ్మలమడుగు కుడి ఫీల్డరు ముందుకు వచ్చి ఆడుతున్నందున ఒకే గెంతులో బంతి అందుకొని సూటిగా ఫస్ట్ బేస్‌కు విసిరింది. ఇక్కడ బంతి ఎక్కడ పడిందన్నది కాదు, బేస్ వద్ద ప్రయత్నం జరిగిందా అన్నదే ముఖ్యం. ప్రయత్నం జరిగింది, కనుక రన్నరు రంగు భాగాన్ని తాకవలసి ఉన్నది. అప్పీలు వస్తే ఔట్.

అప్పీలు వస్తేనే అన్న మాటను నొక్కి చెప్పాలి. రన్నరు తెలుపును మాత్రమే తాకినట్లు అంపైరు స్పష్టంగా చూసినా, బంతి కంటే ముందు బేస్ దాటితే 'సేఫ్' అనే ప్రకటించాలి. రక్షణ జట్టుకు సంజ్ఞ ద్వారా గాని, మాట ద్వారా గాని సూచన ఇవ్వరాదు. క్రికెట్‌లో ఫీల్డింగ్ జట్టు అడగనిదే అంపైరు ఔట్ ఇవ్వనట్లే ఇదీ. అడిగే గడువు మాత్రం చాలా తక్కువ. రన్నరు వెనుదిరిగి తెలుపు భాగాన్ని చేరితే అప్పీలు హక్కు పోతుంది. కావున ఫీల్డరు వెంటనే బంతితో బేస్‌ను గాని, రన్నరును గాని తాకి, ఆమె బేస్ తప్పిందని అంపైరుకు చెప్పాలి.

దీని పర్యవసానం ఒక్కోసారి పోటీ ఫలితాన్నే మార్చుతుంది. ఏడవ ఇన్నింగ్స్, స్కోరు సమానం, ఇద్దరు ఔట్, మూడవ బేస్‌పై పులివెందుల రన్నరు ఉన్నదని అనుకుంటే, బ్యాటరు షార్ట్‌స్టాప్ వైపు కొట్టి బంతికంటే అరక్షణం ముందు ఫస్ట్ బేస్ చేరింది. మూడవ బేస్ రన్నరు హోమ్ ప్లేటును తాకింది. జట్టంతా సంబరంలో మునిగింది. కాని బ్యాటర్-రన్నర్ పాదం పడినది తెలుపు మీద మాత్రమే. ప్రత్యర్థి ఫీల్డరు గమనించి అప్పీలు చేస్తే ఆమె మూడవ ఔట్. మొదటి బేస్‌ను చట్టబద్ధంగా తాకక ముందే బ్యాటర్-రన్నర్ మూడవ ఔట్ అయినందున ఆ పరుగు కూడా చెల్లదు. గెలిచామనుకున్న జట్టు తిరిగి ఫీల్డింగుకు వెళ్ళవలసి ఉంటుంది. జిల్లా, రాష్ట్ర జట్ల ఎంపికలు, వాటి వెంట వచ్చే ధ్రువపత్రాలు, క్రీడా కోటా అవకాశాలు ఇలాంటి ఆటలపైనే ఆధారపడతాయి. కాబట్టి ఈ నిబంధన తెలియని జట్టుకు కలిగే నష్టం ఒక పరుగుతో పోదు.

ఫౌల్ ప్రాంతం నుండి వచ్చే త్రో

అంపైర్లకు, శిక్షకులకు కూడా ఎక్కువగా తెలియని మినహాయింపు ఇది. మూడవ స్ట్రైక్ బంతి క్యాచరును దాటి ఫస్ట్ బేస్ వైపు ఫౌల్ ప్రాంతంలోకి దొర్లిపోయినపుడు, క్యాచరు అక్కడి నుండి బంతి విసరవలసి ఉంటుంది. ఫీల్డరు తెలుపు భాగంపైన, రన్నరు ఫౌల్ గీత వెలుపల ఉంటే త్రో నేరుగా రన్నరు వీపుకు తగులుతుంది. అందుచేత ఫస్ట్ బేస్ వైపు ఫౌల్ ప్రాంతం నుండి త్రో వస్తున్నపుడు ఇద్దరూ ఏ భాగాన్నైనా వాడవచ్చు. ఫీల్డరు రంగు భాగం వైపు జరిగితే రన్నరు ఫెయిర్ ప్రాంతంలో పరుగెత్తి తెలుపును తాకవచ్చు. అలా పరుగెత్తుతున్నపుడు త్రో ఆమెకు తగిలినా, ఉద్దేశపూర్వకమైతే తప్ప అది అడ్డుపడడం కాదు. ఉద్దేశపూర్వకంగా అడ్డుపడితే మాత్రం ఔట్. గురి తప్పిన త్రో ఫీల్డరును ఫౌల్ ప్రాంతంలోకి లాగినపుడు కూడా ఇదే వెసులుబాటు వర్తిస్తుంది. ఈ రెండు సందర్భాలలోనూ రన్నరు తెలుపును తాకిందని అప్పీలు చేస్తే అంపైరు తోసిపుచ్చాలి.

ఢీకొన్నపుడు

తెలుపు భాగంపై నిలిచి బంతి అందుకోబోతున్న ఫీల్డరును, తెలుపును మాత్రమే తాకుతూ వచ్చిన రన్నరు ఢీకొంటే అది అడ్డుపడడం. ఇక్కడ అప్పీలు అవసరం లేదు. ఆట నిలిపివేసి రన్నరును ఔట్‌గా ప్రకటిస్తారు, మిగిలిన రన్నర్లు తాము చివరగా తాకిన బేస్‌లకు తిరిగి వెళ్ళాలి. దీనికి విరుద్ధంగా, బంతి చేతిలో లేని ఫీల్డరు రంగు భాగంపై నిలిచి రన్నరు దారిని మూసివేస్తే అది ఫీల్డరు చేసిన అవరోధం, దాని ఫలితం రన్నరుకు అనుకూలం. ఫెయిర్ ప్రాంతం నుండి వచ్చిన త్రోను ఫీల్డరు రంగు భాగాన్ని మాత్రమే తాకుతూ పట్టుకుంటే ఔట్ లేదు. ఆమె బంతిని పట్టింది గాని బేస్‌ను తాకలేదు.

ఎక్కడ నిలబడాలి

ఇద్దరు అంపైర్లున్నపుడు బేస్ అంపైరు త్రో వచ్చే దిశకు లంబంగా, బేస్‌కు కొన్ని మీటర్ల దూరంలో నిలబడతాడు. మరీ దగ్గరగా ఉంటే చూపు ఒకేసారి రెండు పాదాలను పట్టలేదు. కళ్ళు పలకపై, చెవులు బంతి గ్లవ్‌లో పడే చప్పుడుపై ఉంచడం పాత పద్ధతి, ఒకే బేస్‌కు అది చాలు. డబుల్ బేస్‌తో అంపైరు ఏ పాదం ముందు పడిందన్నదే కాక, ఏ పాదం ఏ రంగుపై పడిందన్నదీ చూడాలి. అందుకే ప్లేటు అంపైరు బ్యాటరు వెనుక గీత వెంబడి కొంత దూరం వచ్చి పరుగు దారిని, రంగు భాగాన్ని గమనించడం మేలు. అతనికి గీత నిలువునా కనబడుతుంది. బేస్ అంపైరుకు సందేహం కలిగితే అతనిని సంప్రదించవచ్చు.

ఒక్క అంపైరుతో నడిచే ఆటలలో ఇదంతా ఒక్కరే చేయాలి. అటువంటప్పుడు ఆట మొదలు కాకముందే ఇరు జట్ల నాయికలను, శిక్షకులను బేస్ వద్దకు పిలిచి, ఏ రంగు ఎవరిదో చూపించడం ఏ సంజ్ఞ కన్నా ఎక్కువ పని చేస్తుంది.

పాఠశాల మైదానాలు

భారతదేశంలో సాఫ్ట్‌బాల్‌ను సాఫ్ట్‌బాల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా పర్యవేక్షిస్తుంది. పాఠశాల స్థాయిలో స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలలో ఇది ఒక అంశం. ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ ఆట పట్టణ క్లబ్బులలో కన్నా ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో, వ్యాయామ ఉపాధ్యాయుల శ్రద్ధ వలన నిలిచిన ఆట. అక్కడ మైదానం ఒక్కటే, అదే కబడ్డీకి, ఖోఖోకి, ప్రార్థనకు కూడా.

కడప జిల్లాలో పెన్నా తీరాన ఉన్న జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాలలో నల్లరేగడి నేలలు ఎక్కువ. వానకు బురదగా మారి, ఎండకు నెర్రెలు విచ్చే ఈ నేలలో బేస్‌ను కదలకుండా బిగించడం కష్టం. కదిలే డబుల్ బేస్ అసలు ప్రయోజనానికే భంగం, ఎందుకంటే ఫౌల్ గీత రెండు రంగుల మధ్య నుండి తప్పిపోతుంది. అప్పుడు అంచున పడిన బంతి ఫెయిరా ఫౌలా అన్న వివాదం కొత్తగా పుట్టుకొస్తుంది. కాబట్టి ప్రతి ఇన్నింగ్స్ చివర గీతకు, పలకకు పొత్తు కుదిరిందో లేదో అంపైరు చూసుకోవాలి. రబ్బరు డబుల్ బేస్ లభించని చోట తెల్ల పలకకు ఆనించి అదే కొలతతో రంగు వేసిన పలుచని రబ్బరు లేదా మందపు గుడ్డ పలకను నాలుగు మూలలా బిగించి సాధన చేయించవచ్చు. సున్నంతో గీసిన చదరం సాధనకు పనికివస్తుంది గాని, రెండు ఇన్నింగ్స్ గడిచేసరికి చెరిగిపోతుంది. జిల్లాలో విరివిగా దొరికే నాపరాయి ముక్కలను బేస్‌లుగా వాడడం ఎంతమాత్రం తగదు. పూర్తి వేగంతో వచ్చే పాదానికి రాతి అంచు ఒక్కటి చాలు.